దేవకమ్మ విశ్రాంతినిచ్చిన మిషన్

దేవకమ్మను మండలాఫీసులో పెట్టించింది నేనే. ఈ మాట ముందుగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినవాటికి నా పేరు ఎవరూ ఎక్కడా రాయలేదు. నెల్లిమానుపల్లె మండలంలో ఈరోజు నిలబడి ఉన్నవాటిలో నా చెయ్యి పడనివి తక్కువ. సత్యవేడు బస్సును మా ఊరి మీదుగా తిప్పించింది నేను. హైస్కూలుకు ప్రహరీ గోడ కట్టించింది నేను. మండలాఫీసును పక్క ఊరికి ఎత్తుకుపోతామంటే రెండు లారీల జనంతో చిత్తూరుకు పోయి, కలెక్టరాఫీసు గేటుకు అడ్డంగా కూర్చుని, దాన్ని మా ఊర్లోనే నిలిపింది నేను. చదివింది మా ఊరి బడిలో అయిదో తరగతే. అయినా రెండు దఫాలు సర్పంచిగా గెలిచాను. దిగిపోయి ఎన్నేళ్లయినా తిరుమలయ్య అని నన్నెవరూ పిలవరు, ప్రెసిడెంటు అనే అంటారు.

దేవకమ్మ మొగుడు కుప్పయ్య ఆ ఆఫీసులోనే అటెండరు. తపాలా సంచి భుజాన తగిలించుకుని మోపెడ్ మీద వస్తుంటే ఇసుక లారీ గుద్దేసింది. అతనిది పర్మనెంటు ఉద్యోగం కాదు కాబట్టి భార్యకు ఇవ్వడానికి రూలు లేదన్నారు. రూలు లేదంటే లేచి వచ్చేసే మనిషిని కాను. అప్పటి తహశీల్దారు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. సాయంత్రానికి దేవకమ్మ చేతికి తాళంచెవుల గుత్తి వచ్చింది. కాంట్రాక్టు అన్నారు. ఏటేటా కొత్త కాగితం మీద వేలిముద్ర కాదు, సంతకమే పెట్టింది. ఆ మాత్రం చదువు ఆమెకూ ఉంది. కాగితాలు మారుతూ మారుతూ ఆమె తల నెరిసింది.

ఆమె అణిగి ఉండే రకం కాదు. గొంతు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది. వచ్చిన ప్రతి ఆఫీసరుకూ ఒక పేరు తగిలించేది. టీలో చక్కెర వద్దన్నాయన చప్పిడి సారు. ఫ్యాను కింది నుంచి కదలని ఆయన గాలి సారు. సీనియర్ అసిస్టెంటు మునిప్రసాద్ ఒకరోజు జుట్టుకు నల్లరంగు వేసుకుని వస్తే గేటు దగ్గరే ఆపేసింది.

"కొత్త సారా? ఎవురు గావాల సామీ మీకు?"

"నేనే మే, మునిప్రసాద్‌ను."

"అయ్యో, మీరా! మీ తమ్ముడేమో అనుకున్నా. పోండి, పోండి."

అప్పట్లో ఆఫీసులో ఏ సంగతైనా సర్క్యులర్ పుస్తకంలో రాసేవాళ్లు. దాన్ని చంకలో పెట్టుకుని దేవకమ్మ బల్ల బల్లకూ తిరిగి సంతకాలు తీసుకునేది. సంతకం పెట్టేవాడిని ఊరికే వదిలేది కాదు. "ఏంది సామీ ఇది? సెలవా, మీటింగా?" అని అడిగేది. వాళ్లు చెప్పేవాళ్లు. కాబట్టి ఆఫీసరుకు తెలిసింది సాయంత్రంలోగా ఆమెకూ తెలిసిపోయేది.

ఆయుధపూజ మాత్రం పూర్తిగా ఆమె సొంతం. మాది తమిళనాడుకు ఆనుకున్న సీమ, ఆ పండగను ఇక్కడ గట్టిగా చేస్తాం. కొడవలి కానీ, కుట్టుమిషను కానీ, లారీ కానీ, ఆ రోజు కడిగి, గంధం కుంకుమ పెట్టి, పని ఆపి పక్కన పెడతాం. మళ్లీ విజయదశమి పొద్దున దండం పెట్టి చేతికి తీసుకునేదాకా ముట్టుకోం. ఏడాది పొడుగునా మన కోసం అరిగినదానికి ఒక్కరోజు విశ్రాంతి. టైపు మిషన్ల కాలం నుంచీ ఆఫీసులో ఆ విశ్రాంతి ఇచ్చేది దేవకమ్మే. కంప్యూటర్లు వచ్చాక వాటి స్విచ్చులూ ఆమే ఆపేది. హారతి వెలిగించే ముందు ఎవరో ఒకరు అడగడం ఆనవాయితీ: "అన్నిటికీ సెలవిచ్చినావా దేవకమ్మా?" ఆమె జవాబూ ఆనవాయితీయే: "ఇచ్చినా సామీ, మీకు తప్ప." అందరూ నవ్వేవాళ్లు. తర్వాత గేటు ముందర గుమ్మడికాయ నా చేత కొట్టించేవాళ్లు. ఆ మర్యాద నేను సర్పంచిగా దిగిపోయాక కూడా ఎవరూ తీసెయ్యలేదు.

ఇట్లా ఉండగా సునీల్‌కుమార్ అనే కుర్ర తహశీల్దారు వచ్చాడు. మా మండలాన్ని జిల్లాకంతా మాదిరి చేస్తానన్నాడు. కాగితం లేని ఆఫీసు. అర్జీ ఇచ్చినవాడు ఇంట్లో కూర్చుని ఫోన్లో చూసుకోవచ్చు, ఏ బల్ల మీద ఎన్నాళ్లు ఆగిందో కూడా తెలుస్తుంది అన్నాడు. నాకు నచ్చింది. నేను మిషన్లంటే భయపడే ముసలివాణ్ణి కాను. ఈ చుట్టుపక్కల మొదటి కరెంటు మోటారు బిగించింది మా బావికే, మొదటి ట్రాక్టరు దిగింది మా కళ్లంలోనే. గ్రామసభలో లేచి, "ఈ అబ్బోడు చెప్పేది మంచి మాట, అడ్డం చెప్పొద్దండి" అని అందరి చేతా చప్పట్లు కొట్టించింది నేనే.

రికార్డు గదిని అద్దాల గది చేశారు. ఏసీ పెట్టారు. బీరువా అంత నల్లటి మిషను వచ్చింది, దాని నిండా ఆకుపచ్చ దీపాలు. దాన్ని చూసుకోవడానికి కంపెనీ తరఫున జాహ్నవి అని చిత్తూరు పిల్ల వచ్చింది. పాత అర్జీలన్నీ ఫోటోలు తీసి ఆ మిషన్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. సర్క్యులర్ పుస్తకం అటక ఎక్కింది. ఆఫీసరు ఏం చెప్పినా సెల్‌ఫోన్ గ్రూపులో పడేది. దేవకమ్మకు ఉన్నది బటన్ల ఫోను. కొడుకును అడిగి పెద్ద ఫోను కొనుక్కుంటా, నన్నూ గ్రూపులో వెయ్యండి అని ఆమె మునిప్రసాద్‌ను అడిగిందట.

"అది స్టాఫ్ గ్రూపు మే. నువ్వు స్టాఫ్ కాదు గదా, కాంట్రాక్టు" అన్నాడట అతను.

"అట్లనా సామీ. మరి చీపురు మాత్రం పర్మనెంటుగా నా చేతికే ఇచ్చినారే!"

ఆ సంగతి నాకు నవ్వుతూనే చెప్పింది. నవ్వింది గానీ మా అరుగు మీద కూర్చుని కాసేపు చీర కొంగు చేత్తో నలుపుతూ ఉంది. అప్పుడు అసలు మాట బయటపెట్టింది.

"అన్నా, పాత కాంట్రాక్టోళ్లను పర్మనెంటు చేస్తారంట. నా ఫైలు గూడా తిరపతికి పంపినారంట. నిజమేనా?"

"నిజమే. నేనే కనుక్కున్నా. జాబితాలో నీ పేరుండాది."

"దిగిపొయ్యేలోగా వస్తాదా?"

"యాల రాదు? నేనుండా గదా."

"ఆయన సచ్చిపొయినప్పుడు అన్నారు గదన్నా, పర్మనెంటు గాదు, ఏమీ రాదని. ఒక్క ఏడాదైనా పర్మనెంటుగా సేసి దిగితే సాలు. రేపు నేను పోయినా ఆ మాట నా బిడ్డల్తో ఎవురూ అనకూడదు."

ఆమె కోరుకున్నది అంతే. ఆ కోరిక నెరవేరడానికి కావలసింది కూడా చిన్నదే: పనితీరు సంతృప్తికరం అని సునీల్‌కుమార్ ఒక ముక్క రాసి పంపడం.

ఆ ఏడు విజయదశమి నాడు కాగితం లేని ఆఫీసు ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. జిల్లా నుంచి పెద్దాఫీసరు వచ్చి బటన్ నొక్కాలి, గోడ మీద తెరలో మండలం అర్జీలన్నీ కనపడాలి. పాత కంప్యూటర్లలో ఉన్న అర్జీల ఫోటోలన్నీ కొత్తదానిలోకి పంపే పని అప్పటికి సగమే అయింది. పండగ సెలవుల్లో మిషను రాత్రింబవళ్లు నడిస్తేనే మిగతాది ముగుస్తుంది. ఎవరూ ఆపకూడదు. ఆ మాట సునీల్‌కుమార్ గ్రూపులో పెట్టాడు. జాహ్నవి పండక్కి చిత్తూరు పోయింది.

ఆయుధపూజ సాయంత్రం నేను పోయేసరికి ఆఫీసంతా కడిగి ముగ్గులేసి ఉంది. జీపుకు అరటి పిలకలు, కంప్యూటర్లకు బంతిపూలు. అద్దాల గదిలో నల్ల మిషను ముందు దేవకమ్మ ఇస్తరాకు పరిచి బొరుగులు, శనగలు, అరటిపళ్లు పెట్టింది. మిషను నుదుటికి, నుదురనే అనాలి, గంధం అద్ది కుంకుమ పెట్టింది. ఏసీ లేక గది ఉక్కబోస్తోంది. మిషను మీద ఒక్క దీపమూ లేదు.

మునిప్రసాద్ అడిగాడు, "అన్నిటికీ సెలవిచ్చినావా దేవకమ్మా?"

"ఇచ్చినా సామీ. ఈ నల్లోడికి గూడా ఇచ్చినా. పాపం, వచ్చిన్నాటి నుంచి ఒక్కరోజు నిద్ర పోలే. గుయ్యిమని మూలగతానే ఉండాడు. మీకు మాత్రం లేదు."

అందరూ నవ్వారు. సునీల్‌కుమార్ కూడా నవ్వాడు. చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ, "ఏంటమ్మా, గది ఇంత వేడిగా ఉంది? తొందరగా కానీ" అన్నాడు. హారతి కళ్లకు అద్దుకున్నాడు. మిషను పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. నల్లోడికి సెలవిచ్చానని ఆమె అరిచి చెప్పిన మాట గదిలో ఉన్న అందరి చెవినా పడింది. అది నడుస్తూ ఉండాలని ఆమెకు, నాకు తప్ప అక్కడున్న అందరికీ ఫోన్లో తెలుసు. తెలిసినవాడికి ఆ క్షణంలో తట్టలేదు. పండగ రోజు పనిముట్టు ఆగి ఉండడం మా వాళ్ల కంటికి అంత మామూలు.

విజయదశమి పొద్దునే దేవకమ్మ తలకు పోసుకుని వచ్చి, మిషనుకు దండం పెట్టి, స్విచ్చి వేసింది. దీపాలన్నీ వెలిగాయి. ఆమె పని సరిగ్గానే జరిగిందని ఆమె అనుకుంది. తర్వాత వచ్చిన జాహ్నవి తెర చూసి, రాత్రంతా పని ఆగిపోయి ఉందని, ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలవుతోందని చెప్పింది. అప్పటికే పెద్దాఫీసరు కారు ఊర్లోకి వచ్చేసింది.

నేను వేదిక మీదే ఉన్నాను, రెండో కుర్చీలో. ఆయన బటన్ నొక్కాడు. తెర మీద ఒక చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. జనంలో ఎవడో, "రంగులరాట్నమప్పా, టికెట్టెంత?" అని అరిచాడు. పెద్దాఫీసరు నవ్వలేదు. సునీల్‌కుమార్ చెవిలో ఏదో చెప్పి కారెక్కి వెళ్లిపోయాడు.

నిజానికి ఏమీ పోలేదు. కాగితాలన్నీ మూటల్లో భద్రంగా ఉన్నాయి, ఫోటోలు పాత కంప్యూటర్లలోనూ ఉన్నాయి. మళ్లీ ఎక్కిస్తే సరిపోయింది, ఎక్కించారు కూడా. పోయింది ఒక ముహూర్తం, ఒక ఆఫీసరు పరువు. దాని ధర దేవకమ్మ కట్టాలని తీర్మానమైంది. మరుసటి వారం ఆమెకు మెమో ఇచ్చారు. అనుమతి లేకుండా, పై అధికారులెవరికీ తెలియకుండా, నిషిద్ధ గదిలో ప్రవేశించి విద్యుత్తు నిలిపివేసినందువల్ల ప్రభుత్వ కార్యక్రమం భగ్నమైందట. రోజూ ఆ గది ఊడ్చమని తాళం ఇచ్చింది వాళ్లే.

నేను సునీల్‌కుమార్ దగ్గరికి పోయాను. కుర్చీ లాక్కోబోతే ఆ కుర్చీలు నేలకు బిగించి ఉన్నాయి. నిలబడే అడిగాను.

"ఎవురికీ తెలియకుండానా సార్? మీరు హారతి కళ్లకద్దుకునింది యాడ? ఆ గదిలో కాదా?"

"ప్రెసిడెంటు గారూ, నేను పూజకు వచ్చాను. స్విచ్చులు చూడటానికి రాలేదు."

"ఆమె నోరారా చెప్పె గదా, సెలవిచ్చినానని. మీరూ నవ్వితిరి."

"మూలకారణం రాయమని పైనుంచి అడిగారు. ఏదో ఒకటి రాయాలి కదా."

"అయితే మీ పేరు రాయండి."

ఆయన ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. ఈ గోడల కోసం నేను చిత్తూరులో ఎండలో కూర్చున్న సంగతి చెప్పాను. తల ఊపాడు. ఏది విని ఊపాడో నాకు తెలియదు.

బయటికి వస్తుంటే జాహ్నవి వెనకాలే వచ్చింది. "తాతా, ఇది ఆమె తప్పు గాదు. కరెంటు పోయినా, ఎవురన్నా ఆపినా, ఆగిన కాడ్నించి మళ్లీ మొదలయ్యేట్టు మావోళ్లు పెట్టాల. పెట్టలే. తేదీకి అందాలని తొందర చేసినారు" అంది.

"ఆ మాట రాసియ్యి తల్లీ."

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంట్లో నా జీతమే తాతా" అంది. నేనింక అడగలేదు.

మునిప్రసాద్‌నూ అడిగాను. ప్రశ్న అడిగిందే అతను కదా. "నాకు సరిగ్గా గుర్తు లేదన్నా. ఆ రోజు నిండా సందడి" అన్నాడు. ఏటేటా ఆ మాట, ఆ జవాబు వినే మనిషికి ఆ ఒక్క ఏడాది గుర్తులేదు.

జిల్లా విడిపోయాక మా కలెక్టరాఫీసు తిరుపతిలోనే, అక్కడికీ పోయాను. ఒకప్పుడు కలెక్టరాఫీసుల్లో నా గొంతు విని గుమాస్తాలు లేచి నిలబడేవాళ్లు. ఇప్పుడు కింద అద్దం కిటికీ వెనక కూర్చున్నాయన తలెత్తకుండానే, "పైకి పంపించేది లేదు పెద్దాయనా. ఏదైనా పోర్టల్‌లో అర్జీ పెట్టుకోవాల. నంబరొస్తాది. ఎవురి దగ్గరుండాదో మీ ఫోన్లోనే తెలుస్తాది" అన్నాడు. ఇదే మాట చెప్పినందుకు గ్రామసభలో చప్పట్లు కొట్టించినవాణ్ణి నేను. సరేనని అక్కడే అర్జీ పెట్టించాను. పూజ నాడు ఆ గదిలో ఎవరెవరు ఉన్నారో, ఎవరేం మాట్లాడారో పూసగుచ్చినట్టు చెప్పి రాయించాను. దేవకమ్మ ఫైలు వెనక్కి పంపొద్దని కోరాను.

అర్జీ ఎవరి దగ్గర ఉందో నిజంగానే ఫోన్లో తెలిసింది. విచారణ నిమిత్తం నెల్లిమానుపల్లె తహశీల్దారుకు పంపబడినది. ఎవరి మీద చెప్పానో ఆయన బల్ల మీదకే అది చేరింది. ఆయనే విచారించుకున్నాడు, ఆయనే జవాబు రాసుకున్నాడు. మీ అర్జీ పరిష్కరించబడినది అని సందేశం వచ్చింది. దాని వెనకాలే ఫోను మోగింది. ఆడగొంతు, పుస్తకం చదువుతున్నట్టు తెలుగు. పరిష్కారంపై సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి, చెందకపోతే రెండు నొక్కండి. నేను రెండు నొక్కాను. అర్జీ మళ్లీ తెరుచుకుంది. మళ్లీ ఆయన బల్ల మీదకే పోయింది. మళ్లీ పరిష్కరించబడినది. మళ్లీ రెండు నొక్కాను. నాకు అలవాటైన పోట్లాట కాదది. ఎదురుగా మనిషి ఉండడు, తలుపు ఉండదు, గేటు ఉండదు. అయినా ఓపిక ఉన్నన్ని నాళ్లు నొక్కుదామనే అనుకున్నాను.

మెమో తర్వాత దేవకమ్మను పనిలోకి రానివ్వలేదు. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది. ఎప్పటిలా అరుగెక్కకుండా మెట్టు మీదే కూర్చుంది.

"అన్నా, నువ్వు ఆ ఫోన్లో రెండు నొక్కతా ఉండావంట."

"నొక్కతా. యాల నొక్కకూడదు?"

"ఇంగ నొక్కొద్దన్నా."

"ఏం మే, భయపెట్టినారా?"

"బయం గాదు. ఆ సారు పిలిపించినాడు. కుర్చీలో కూర్చోబెట్టినాడు గూడా, సూడు, ఇన్నేళ్లకు! ఒక్క అర్జీ తెరిసుంటే మండలమంతా ఎర్రగా కనపడతాదంట పైవోళ్లకు. అది మూసుకుంటే నన్ను మనుషుల్ని పెట్టే బయటి కంపెనీ కింద వూడ్సేదానికి తీసుకుంటానన్నాడు. పొద్దునా సాయంత్రం. ఆ ఆఫీసే."

"పర్మనెంటు సంగతి?"

"ఫైలు వెనక్కొచ్చేసినాదంటన్నా. ఆయన ఎదురుగా సూపించినాడు. జాబితా పైకి పోయేసినాది, ఇంగ ఎవురేం సేసినా దాంట్లో సేర్సరంట."

"అబద్ధం చెప్తాండాడేమో."

"సెప్తే సెప్పనీ. నువ్వు గెలిసేలోగా నేను తినాల గదన్నా."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కూడా వచ్చింది. పెట్టిన సంతకం నేను ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు, ఇరవై మంది వచ్చి ఇల్లు చుట్టుముట్టినప్పుడు కూడా తీసుకోలేదు. ఆ మాటే అన్నాను.

"తెలుసన్నా. అందుకే ఫోన్లో సెప్పకుండా నడిసొచ్చినా" అంది. అంత పెద్ద గొంతు గలది, ఆ మాట ఎంత మెల్లగా అందంటే నేను ముందుకు వంగి వినవలసి వచ్చింది.

రెండు రోజులకు ఫోను మోగింది. ఆమె ఆ వేళకు మా ఇంట్లోనే ఉంది. రోజూ వచ్చి కూర్చుంటోంది, ఎప్పుడు మోగుతుందో తెలియదు కాబట్టి. ఆడగొంతు అదే మాట అదే రాగంతో చదివింది. దేవకమ్మ నా వేలి వంకే చూస్తోంది. నేను ఒకటి నొక్కాను.

"ఏమనింది అన్నా?"

"మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలు అనింది."

"అంతేనా?"

"అంతే."

ఆమె లేచి చీర దులుపుకుంది. ఆఫీసర్లు రాకముందే ఊడ్చి వెళ్లిపోవాలని కంపెనీ వాళ్ల షరతట, తెల్లారే లేవాలని చెప్పి వెళ్లిపోయింది. పర్మనెంటు అయినవాళ్ల జాబితా ఆ వారంలోనే పేపర్లో పడింది. మా ఇంటికి పేపరు వస్తుంది. నేను విప్పలేదు.